చెవికి అతికితేనే చప్పుడు ఆగేది

రెండు మూడు వేల లోపు ఇయర్‌ఫోన్స్ కొందామనుకునే ప్రయాణికులకు నేను చెప్పే మొదటి మాట ఇది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసిన డెసిబెల్ అంకెను తర్వాత చూడండి. లోపల చిన్న కవరులో పడి ఉండే రబ్బరు టిప్స్ ఎన్ని సైజుల్లో ఇచ్చారో, అవి మీ చెవిలో ఎలా కూర్చుంటాయో ముందు చూడండి. బస్సు మోతనైనా రైలు రొదనైనా ఆపడంలో పెద్ద వాటా ఆ రబ్బరుదే.

నేను బ్యాంకు తనిఖీ విభాగంలో పనిచేస్తాను. హైదరాబాద్ నుంచి ఒక వారం ఖమ్మం, ఇంకో వారం రాజమండ్రి, మరోసారి విశాఖ. రాత్రంతా ప్రయాణం, తెల్లారితే లెక్కల ముందు కూర్చోవాలి. కాబట్టి నాకు ఇయర్‌ఫోన్స్ పాటల కోసం ఎంత అవసరమో నిద్ర కోసం అంతకన్నా ఎక్కువ అవసరం. ఈ విషయం మీద ఇంత పట్టింపు రావడానికి మాత్రం కారణం ఉద్యోగం కాదు, మా నాన్న.

నాన్న సిరిసిల్లలో సాంచాల మీద పనిచేశారు. మరమగ్గాలను మా దిక్కున సాంచాలంటారు. ఇరుకైన షెడ్డులో వరసగా సాంచాలు, ప్రతిదాంట్లోనూ నాడె అటూ ఇటూ పరిగెత్తి కొట్టుకునే దెబ్బ. పక్కమనిషికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆయనతో ఫోన్లో మాట్లాడితే, ‘గొంతు ఇనవడ్తది బిడ్డా, మాటే సమజ్ అయితలేదు’ అంటారు. చెవి డాక్టరు తీసిన గ్రాఫులో 4000 హెర్ట్జ్ దగ్గర గీత లోతుగా కిందికి దిగింది. మోత వల్ల పోయే వినికిడి మొదట అక్కడే పోతుందట. మన మాటలోని అచ్చులు కింది స్థాయి ధ్వనులు, బలంగా ఉంటాయి. స, శ, త, క వంటి హల్లుల సున్నితమైన భాగం మాత్రం పై స్థాయిలో ఉంటుంది. అది పోతే గొంతు వినిపిస్తూనే ఉంటుంది గానీ ‘కారు’ అన్నారో ‘సారు’ అన్నారో తెలియదు. లోపలి చెవిలో ధ్వనిని పట్టుకునే సన్నని రోమ కణాలు ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు.

నాన్నకు అది కూలి కోసం తప్పని మోత. మన పిల్లలు బస్సులో కూర్చుని అంత మోతనూ డబ్బులిచ్చి కొని చెవిలో పోసుకుంటున్నారు. బయటి రొద ఎక్కువైన కొద్దీ పాట వినపడటానికి సౌండ్ పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. పిల్లలకైతే 75 డెసిబెల్సే హద్దు. పెద్దవాళ్లకు ఆ 80 నుంచి పైకి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ధ్వని శక్తి రెట్టింపవుతుంది, వినదగిన సమయం సగానికి పడిపోతుంది. 83 దగ్గర 20 గంటలు. 90 దగ్గరకు వచ్చేసరికి వారం మొత్తానికి నాలుగు గంటలే. హైదరాబాద్ నుంచి విజయవాడ వరకు ఒకవైపు ప్రయాణంలోనే ఆ కోటా అయిపోతుంది. బయటి రొదను పది పదిహేను డెసిబెల్స్ తగ్గించగలిగితే సౌండును కూడా అంత తగ్గించి హాయిగా వినొచ్చు. ఇయర్‌ఫోన్స్ రొదను ఎంత బాగా ఆపుతాయన్న ప్రశ్నను నేను విలాసంగా చూడలేను. అది చెవి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న.

ఇంతకూ ఆపాల్సిన రొద ఏమిటి? అది ఒకే రకం కాదు. రాత్రి బస్సులో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు కాళ్ల కింది నుంచి వచ్చి కడుపులో తిరిగే మోత తెలుసు. ఓల్వో వంటి బస్సులకు ఇంజిన్ వెనకే ఉంటుంది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపు మూడుసార్లు ఇంధనం మండుతుంది. హైవే మీద నిమిషానికి 1200 చుట్లు తిరుగుతోందనుకుంటే సెకనుకు 20 చుట్లు, అంటే సెకనుకు 60 మంటలు. ఆ మోత 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మామూలు మగగొంతు కన్నా బాగా కింది స్థాయి. ఇంజిన్ ముందుండే బస్సుల్లో ఇదే బాధ డ్రైవరు వెనక సీట్లవాళ్లది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఇది చూసుకుంటే ఖర్చు లేకుండానే కొంత రొద తగ్గుతుంది.

విమానంలో ఇంజిన్ల హోరు, బయటి గాలి విమానాన్ని రాసుకుంటూ పోయే హోరు, ఏసీ గాలి అన్నీ కలిసి 80 నుంచి 85 డెసిబెల్స్ దాకా ఉంటాయి. రెక్కలకు ముందున్న సీట్లలో కాస్త నయం. రైలుది మరో తీరు. పొడవాటి వెల్డింగ్ పట్టాలు వచ్చాక అతుకుల దగ్గరి టకటక చాలా తగ్గింది గానీ స్టేషన్ల ముందు పాయింట్ల మీదా, ఇనుప వంతెనల మీదా బోగీ ఇంకా గలగలలాడుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి వంతెన దాటినవాళ్లకు ఆ మార్పు చెవికి తెలుస్తుంది. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీల రైళ్లకు కొసన డీజిల్ జనరేటర్ల బండి ఉండేది. దాని పక్క బోగీలో బెర్తు పడితే రాత్రంతా జాగారమే. ఇంజిన్ నుంచే కరెంటు తీసుకునే పద్ధతి వచ్చాక చాలా రైళ్లలో ఆ జనరేటర్లు ఆగిపోయాయి. రైల్వేలు చేసిన మంచి పనుల్లో ప్రయాణికులు గమనించకుండానే అనుభవిస్తున్నది ఇదొకటి.

ఇక మనుషులు. ఎదురు బెర్తులో స్పీకరు పెట్టి రీల్స్ చూసేవాళ్లు, అర్ధరాత్రి ఫోన్లో సంబంధాలు మాట్లాడేవాళ్లు. రాత్రి పది తర్వాత గట్టిగా పాటలు పెట్టకూడదని, ఫోన్లో అరవకూడదని 2022 జనవరిలో రైల్వే శాఖ సిబ్బందికి ఆదేశాలిచ్చింది. అడిగితే చాలామంది తగ్గిస్తారు కూడా. మనిషి మాటలో అర్థాన్ని మోసే భాగం దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పాతకాలం టెలిఫోన్లు మోసుకెళ్లింది ఆ ముక్కనే. ఇంజిన్ మోతకూ పక్కవాళ్ల మాటకూ ఉన్న ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ఒకదాన్ని ఆపే ఉపాయం రెండోదానికి అంతగా పనిచేయదు.

ఉపాయాలు రెండు. చెవి దారిని గట్టిగా మూసేయడం మొదటిది. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. వచ్చే ధ్వనికి ఎదురు ధ్వని పుట్టించి రెండింటినీ కొట్టివేయించడం రెండోది. డబ్బాల మీద ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్) అని రాసేది దీన్నే. మూయడం వల్ల మాటలు, గలగలలు, గాలి ఈల వంటి పై స్థాయి ధ్వనులు బాగా తగ్గుతాయి. ఎదురు ధ్వని ఇంజిన్ మోత వంటి కింది స్థాయి ధ్వనుల మీద బాగా పనిచేస్తుంది.

మూసే పనిని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. తక్కువ డబ్బుకు ఎక్కువ ఫలితం ఇందులోనే ఉంది. చెవి దారి సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు, కొంచెం వంకర. ఇద్దరి చెవులు ఒకేలా ఉండవు, ఒకే మనిషి కుడి ఎడమలూ ఒకేలా ఉండవు. నాకు కుడిచెవికి మీడియం సరిపోతుంది, ఎడమకు లార్జ్ కావాలి. డబ్బా తెరవగానే బిగించి ఉన్న మీడియం టిప్స్‌నే జీవితాంతం వాడేవాళ్లు ఎక్కువ. మిగతా రెండు సైజుల కవరు డబ్బాతో పాటు చెత్తలోకి పోతుంది. టిప్ చుట్టూ వెంట్రుక మందం సందు మిగిలినా కింది స్థాయి మోతంతా అందులోంచి లోపలికి వస్తుంది. పాటలోని బేస్ అందులోంచే బయటికి పోతుంది. ఫుట్‌వాల్వు దగ్గర గాలి పీల్చే బోరు మోటారు ఎంత తిరిగినా నీళ్లు ఎక్కించనట్టే, సీలు కుదరని ఇయర్‌ఫోన్స్ ఎంత ఖరీదైనవైనా ఫలితమివ్వవు. ‘దీంట్లో బేస్ లేదు’ అని తిరిగిచ్చే ఇయర్‌ఫోన్స్‌లో చాలావాటికి తప్పు టిప్ సైజుదే.

సీలు కుదిరిందా లేదా తెలుసుకోవడం సులువు. రెండూ పెట్టుకుని, పాట ఆపేసి, నోరు మూసుకుని ‘మ్‌మ్’ అని కూనిరాగం తీయండి. మీ గొంతు తలలోపల గంభీరంగా, రెండువైపులా సమానంగా మోగాలి. ఒకవైపు పల్చగా వినిపిస్తే అటువైపు సందుంది. తర్వాత డప్పో తబలా డగ్గో ఉన్న పాట పెట్టి ఇయర్‌ఫోన్స్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు దెబ్బ బరువు పెరిగిందంటే మామూలుగా అది సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. పెద్ద సైజు వేసి చూడండి. నొప్పి పుడితే మాత్రం అది మీ సైజు కాదు.

పెట్టుకునే తీరు కూడా ఉంది. కుడిచెవికి పెట్టేటప్పుడు ఎడమచేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పట్టి పైకి, వెనక్కి లాగండి. చెవి దారి వంకర కొంత సాపవుతుంది. అప్పుడు టిప్‌ను కొద్దిగా తిప్పుతూ లోపలికి పంపి చెవి వదిలేయండి. ఫ్యాక్టరీల్లో చెవి బిరడాలు పెట్టుకోవడానికి నేర్పే పద్ధతి ఇదే.

ఆ బిరడాల నుంచి మనం ఇంకోటి కూడా నేర్చుకోవచ్చు. అమెరికాలో 1967లో రాస్ గార్డ్‌నర్ బృందం అతుకులు మూసే పదార్థం కోసం వెతుకుతుంటే శక్తిని పీల్చుకునే ఒక రెసిన్ దొరికింది. నొక్కితే నలిగి, వదిలితే నెమ్మదిగా పూర్వరూపానికి వచ్చే ఫోమ్ చెవి బిరడాలు 1972 నాటికి అందులోంచే పుట్టాయి. ఈ రోజు పారిశ్రామిక భద్రతా సామాన్లు అమ్మే దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ పదుల రూపాయలకే ఒక జత దొరుకుతుంది. 3ఎం 1100 అనే నారింజ రంగు రకానికి అమెరికా పద్ధతిలో కొలిచిన రేటింగ్ 29 డెసిబెల్స్. ఆ అంకె ప్రయోగశాలది. ఇలాంటి ఫోమ్ బిరడాల రేటింగును సగానికి తగ్గించి లెక్కేసుకోమని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పింది. మనుషులు వాటిని సరిగ్గా పెట్టుకోరు కాబట్టి. సగమైనా బస్సులో నిద్రపోవడానికి అది చాలు. కేవలం నిద్ర కావాలంటే ఇయర్‌ఫోన్స్ కొననే అక్కర్లేదని నా స్నేహితులకు చెప్తుంటాను.

ఇదే ఫోమ్‌తో చేసిన టిప్స్ ఇయర్‌ఫోన్స్‌కూ దొరుకుతాయి. కంప్లై వంటి పేరున్న కంపెనీలవి ఖరీదు ఎక్కువ, మామూలు రకాలు కొన్ని వందల్లోనే వస్తాయి. వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిలో పెట్టి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. అది చెవి ఆకారానికి తగ్గట్టు నిండుకుంటుంది. సిలికాన్ టిప్ జారిపోయే చెవులకు ఇది వరం. కాకపోతే కొన్ని నెలలకే బిగువు పోతుంది, చెమటా గులిమీ పట్టి నల్లబడుతుంది, కడిగితే కొత్తదవదు. కొనేటప్పుడు మీ ఇయర్‌ఫోన్స్‌ను వెంట తీసుకెళ్లండి. టిప్ ఎక్కే గొట్టం లావు ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. వైర్‌లెస్ బడ్స్‌కైతే ఆ టిప్ వేశాక ఛార్జింగ్ కేసు మూత పడుతుందో లేదో అక్కడే మూసి చూడండి.

మూయడంతోనే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి ఎటిమోటిక్ అనే అమెరికా కంపెనీ మంచి ఉదాహరణ. మీడ్ కిలియన్ 1983లో దాన్ని పెట్టారు. 1991లో వచ్చిన వాళ్ల ఈఆర్-4కు మూడు అంచెల టిప్ ఉంటుంది, చెవిలోకి బాగా లోతుగా దిగుతుంది. బ్యాటరీ లేకుండానే 35 నుంచి 42 డెసిబెల్స్ వరకు ఆపుతుందని కంపెనీ చెబుతుంది. దాని ధర మన చర్చలోకి రాదు, అంత లోతు అందరూ భరించలేరు కూడా. కానీ రొద ఆగేది చెవి దారి దగ్గర అన్న మాటకు అది సాక్ష్యం.

ఎదురు ధ్వని సంగతికి వస్తే, ఆలోచన చాలా పాతది. పాల్ లూగ్ అనే జర్మన్ 1933లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1936లో అమెరికా పేటెంటు వచ్చింది. అప్పట్లో దాన్ని ఆచరణలో పెట్టే ఎలక్ట్రానిక్స్ లేవు. 1978లో అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళ్తూ, వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్స్‌లో సంగీతం విమానం హోరుకు మునిగిపోవడం చూసి ఆ ప్రయాణంలోనే లెక్కలు మొదలుపెట్టారు. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య పోరాట యోధుడు నోనీ గోపాల్ బోస్ కొడుకాయన, ఎంఐటీలో ప్రొఫెసరు. పైలట్ల కోసం ఆ హెడ్‌సెట్ మార్కెట్లోకి రావడానికి 1989 దాకా పట్టింది. ఆయనకు పదకొండేళ్లు పట్టిన పనిని ఇప్పుడు రెండున్నర వేల బడ్స్‌లో ఉండే చిన్న చిప్పు చేస్తోందంటే నాకు నిజంగా ఆశ్చర్యంగా ఉంటుంది.

చిన్న మైకు బయటి ధ్వనిని పట్టుకుంటుంది. చిప్పు దానికి సరిగ్గా తలకిందులైన అలను తయారుచేసి స్పీకరులో వదులుతుంది. ఎత్తు మీద పల్లం పడి రెండూ చదునవుతాయి. బయట ఒక మైకు, లోపల ఒక మైకు రెండూ ఉంటే దాన్ని హైబ్రిడ్ అంటారు, అది మెరుగు. చిక్కల్లా సమయంతోనే. 100 హెర్ట్జ్ మోత ఒక అల పూర్తి కావడానికి సెకనులో వందో వంతు పడుతుంది, చిప్పుకు తీరిక ఉంటుంది. 1000 హెర్ట్జ్‌కు వచ్చేసరికి ఎత్తు పల్లంగా మారడానికి అర మిల్లీసెకనే. ఆ వేగంలో చిన్న పొరపాటు జరిగినా ఎదురు ధ్వని రొదను తగ్గించే బదులు పెంచుతుంది. అందుకే సుమారు వెయ్యి హెర్ట్జ్ దాటాక ఏఎన్‌సీ పక్కకు తప్పుకుని పనిని రబ్బరుకే వదిలేస్తుంది. ఏఎన్‌సీ ఆన్ చేయగానే బస్సు మోత ఠక్కున తగ్గి పక్క సీటు మాటలు మునుపటి కన్నా స్పష్టంగా వినిపించడం చాలామంది గమనించే ఉంటారు. అది లోపం కాదు, దాని స్వభావమే అంత.

డబ్బా మీది అంకెకు కూడా ఇదే వర్తిస్తుంది. 2023లో వచ్చిన వన్‌ప్లస్ నార్డ్ బడ్స్ 2 మీద 25 డెసిబెల్స్ అన్నారు, అదే ఏడాది వచ్చిన సీఎంఎఫ్ బడ్స్ ప్రో మీద 45 అన్నారు. రెండూ ‘వరకు’ అన్న మాటతోనే. అంటే తమకు అనుకూలమైన ఏదో ఒక స్థాయి దగ్గర గరిష్ఠంగా వచ్చిన తగ్గుదల. అన్ని ధ్వనులూ అంత తగ్గుతాయని కాదు. పైగా ఏ కంపెనీ దగ్గర ఎలా కొలిచారో తెలియకుండా ఒక డబ్బా అంకెను ఇంకో డబ్బా అంకెతో పోల్చడం కుదరదు.

అంతకన్నా ఎక్కువమందిని తికమక పెట్టేది ఈఎన్‌సీ. ఆ మధ్య కోఠి గుజరాతీ గల్లీలో ఒక కౌంటరు దగ్గర నిలబడి ఉంటే, ఒక పెద్దాయన తనకు బస్సులో చప్పుడు వినపడకుండా ఉండేది కావాలని అడిగారు. దుకాణం అబ్బాయి ఎనిమిది వందల డబ్బా ఒకటి తీసి, ‘గిది తీస్కోండి అంకుల్, ఇండ్ల నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది’ అన్నాడు. డబ్బా మీద ఉన్నది ఈఎన్‌సీ. ఫోన్ మాట్లాడేటప్పుడు మన చుట్టూ ఉన్న చప్పుడును మైకు దగ్గర వడగట్టి అవతలివాళ్లకు మన గొంతు శుభ్రంగా పంపే ఏర్పాటది. మన చెవికి అది చేసేదేమీ లేదు. ‘తమ్ముడూ, ఇది కాల్స్‌కు కదా, ఆయన అడుగుతున్నది ఏఎన్‌సీ’ అన్నాను. అబ్బాయి మంచివాడే, ‘ఔనక్కా, అది కావాలంటే రెండు వేలు దాటాలె’ అని వేరే డబ్బా తీశాడు. డబ్బా మీద ‘యాక్టివ్’ అన్న మాట గానీ ఏఎన్‌సీ అని గానీ కనిపించకపోతే అది మీ చెవిలో రొదను కొట్టివేసేది కాదని అర్థం చేసుకోండి.

మరి ఏది కొనాలి? మోడళ్లు ఆరు నెలలకోసారి మారిపోతుంటాయి కాబట్టి పేర్ల కన్నా రకాలు చెప్పడమే న్యాయం. ముందుగా, చెవి గుమ్మంలో ఊరికే వేలాడే రకం, టిప్ లేకుండా నున్నగా ఉండేది, ప్రయాణానికి వద్దు. ఇంట్లో, ఆఫీసులో అది హాయిగానే ఉంటుంది. బస్సులో మాత్రం అది చెవిని మూయదు కాబట్టి మీ చేత సౌండ్ పెంచిస్తూనే ఉంటుంది.

పదిహేను వందల నుంచి రెండు వేల మధ్య నా ఓటు వైరు ఉన్న ఇన్-ఇయర్‌లకే. కేజెడ్, మూన్‌డ్రాప్, సెవెన్ హెర్ట్జ్ వంటి చైనా కంపెనీలు ఈ ధరలో చేస్తున్నవి పదేళ్ల కిందట పది వేలకు కూడా దొరకని నాణ్యతతో పాడతాయి. వైరు చెవి మీదుగా వెనక్కి తిరుగుతుంది కాబట్టి బట్టలకు రాసుకుని వచ్చే గరగర తగ్గుతుంది. వైరు తెగితే కొన్ని మోడళ్లలో వైరు ఒక్కటే మార్చుకోవచ్చు, ఇది మన దేశంలో చిన్న విషయం కాదు. ఛార్జింగ్ గొడవ లేదు. పై బెర్తులోంచి ఒక బడ్ జారి చీకట్లో పడిపోయే బాధా లేదు. ఇయర్‌ఫోన్స్ షెల్ మీద గాలి రంధ్రాలు పెద్దవిగా ఉన్న మోడళ్లు ఎంచుకోకండి, రొద అక్కడి నుంచి దూరుతుంది. మీ ఫోనుకు గుండ్రటి జాక్ లేకపోతే సీ టైపు అడాప్టర్ కావాలి. అందులో డాక్ అనే చిప్పు ఉన్నదే తీసుకోండి. చిప్పు లేని చవక అడాప్టర్లు చాలా ఫోన్లలో అసలు పలకవు.

రెండు వేల నుంచి మూడున్నర వేల దాకా పెట్టగలిగితే, వారంవారం ఏసీ బస్సుల్లోనో విమానాల్లోనో తిరిగేవాళ్లకు ఏఎన్‌సీ బడ్స్ తీసుకోమంటాను. ఇంజిన్ మోత తగ్గడం వల్ల దిగాక తల బరువు తగ్గిన తేడా నాకు తెలుస్తుంది. కొనేటప్పుడు మూడు విషయాలు అడగండి: ఏఎన్‌సీ ఆన్ చేసి ఉంటే ఛార్జింగ్ ఎన్ని గంటలు వస్తుంది (డబ్బా మీద తరచూ ఆఫ్ చేసినప్పటి లెక్క వేస్తారు), బయటి ధ్వని వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉందా, విడి టిప్స్ దొరుకుతాయా. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. పేరున్న కంపెనీల నకళ్లు అన్ని బజార్లలోనూ ఉన్నాయి. వాటిలో ఏఎన్‌సీ అన్న మాట డబ్బా మీదే ఉంటుంది, లోపల ఉండదు.

పక్కకు తిరిగి పడుకునే అలవాటున్నవాళ్లు చెవి బయటికి పొడుచుకొచ్చే పెద్ద షెల్ కొనకూడదు, దిండు ఒత్తి అరగంటలో నొప్పి మొదలవుతుంది. ఇలాంటివాళ్లకు చిన్న వైరు రకం గానీ వట్టి ఫోమ్ బిరడాలు గానీ మేలు. చాలామంది అమ్మకందారులు చెవిలో పెట్టిన సరుకు వాపసు తీసుకోరు. కాబట్టి ఆన్‌లైన్‌లో కొనేముందు మీకు నప్పే టిప్ సైజును ఇంట్లో ఉన్న పాత ఇయర్‌ఫోన్స్‌తోనే తేల్చుకోండి. టిప్స్‌ను అప్పుడప్పుడు తీసి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఇతరులవి పెట్టుకోవద్దు, మీవి ఇవ్వొద్దు. చెవి కారుతున్నా దురద పెడుతున్నా డాక్టరు చూసేవరకు ఏదీ లోపల పెట్టకండి.

చివరిగా ఒక విన్నపం ఉంది. ఇంతసేపూ చప్పుడును ఎలా ఆపాలో చెప్పాను. కొన్నిచోట్ల ఆ చప్పుడే మన ప్రాణాన్ని కాస్తుంది. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ దగ్గర కాపలా లేని లెవెల్ క్రాసింగు మీద స్కూలు వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు చనిపోయారు. ఆ డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయని అప్పటి వార్తలు చెప్పాయి. మంచి సీలు ఉన్న ఇయర్‌ఫోన్స్ రైలు కూతను కూడా ఆపగలవు, అవి చేయాల్సిన పనే అది. సీట్లో కూర్చున్నంతసేపు వాడండి. స్టేషన్ రాబోతుండగా రెండూ తీసి కేసులో పెట్టి, ఆ తర్వాతే బ్యాగు భుజానికి తగిలించుకోండి. ప్లాట్‌ఫాం మీదా, పట్టాల దగ్గరా, రోడ్డు దాటేటప్పుడూ, బండి నడిపేటప్పుడూ ఒక్క చెవిలో కూడా పెట్టుకోకండి. మీ పిల్లలకూ ఇదే చెప్పండి.